పెరట్లో ఉమ్మెత్త ఉంచాలా, పీకేయాలా?

వేదాయపాళెం కోడలు:
మాది నెల్లూరు. పెరట్లో నీళ్లతొట్టి పక్కన నల్ల ఉమ్మెత్త దానంతటదే మొలిచి నడుమెత్తు పెరిగింది. పువ్వు బయట వంకాయ రంగు, లోపల తెలుపు, ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు రెండు మూడు పొరలు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. వినాయక చవితి పత్రికి, శివరాత్రికి ఉంచాల్సిందే అని మా అత్తయ్య. బాబుకు మూడేళ్లు, దొరికిందల్లా నోట్లో పెడతాడు, ఆదివారం పీకేస్తానని మా ఆయన. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఉంచితే ఎలా చూసుకోవాలో, తీసేయాలంటే ఎందుకో చెప్పండి.

కావలి మిద్దెతోట:
పీకొద్దక్కా. మా మిద్దె మీద తెల్లదీ నల్లదీ రెండూ ఉన్నాయి. ఇంత తేలికగా పెరిగే మొక్క ఇంకోటి లేదు. రోజంతా ఎండ తగలాలి, అడుగున నీళ్లు నిలవకూడదు, అంతే. కుండీ అయితే పెద్దదే తీసుకోండి, వేరు లోతుకు పోతుంది. సగం ఎర్రమట్టి, మిగతా సగం ఇసుక, మాగిన పశువుల ఎరువు. ఎరువు మరీ దట్టిస్తే ఆకులే పెరుగుతాయి, పూలు తగ్గుతాయి. రోహిణి కార్తెలో మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తాయి. కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి, సాయంత్రానికి అవే లేస్తాయి. లేవకపోతేనే పోయండి.

మన వైపు అసలు గండం అక్టోబరు, నవంబరు వానలు. ముసురు పట్టిందంటే కుండీ కింద పళ్లెం తీసేయాలి, లేకపోతే వేరు కుళ్లిపోతుంది. తెల్లదోమ, పేనుబంక కనిపిస్తే వేపనూనె కొట్టండి.

తెల్లదాని మొగ్గ దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటుంది. ఆ వాసన ఒకసారి చూస్తే పీకాలనిపించదు. చీకటి పడ్డాక పొడుగు తొండం ఉన్న పెద్ద రెక్కలపురుగు వచ్చి, పువ్వు మీద వాలకుండా గాల్లోనే నిలబడి తేనె తాగి పోతుంది. ఇక పూజ సంగతంటారా, 21 పత్రుల్లో దత్తూర పత్రం, అంటే ఉమ్మెత్త ఆకు, అయిదోది, 'హరసూనవే నమః' అని వేసేది అదే. బజార్లో కొన్న పత్రి కట్టలో ఏ ఆకు ఉందో ఒక్కోసారి అమ్మేవాడికే తెలియదు.

ఒంగోలు సిస్టర్:
తమ్ముడూ, పెంపకమంతా చెప్పావు, విషమనే మాట ఒక్కచోట కూడా రాలేదు. వేరు, కాండం, ఆకు, పువ్వు, గింజ అన్నిట్లోనూ అట్రోపిన్, స్కోపొలమైన్, హయోసయమైన్ అనే విషపదార్థాలు ఉంటాయి. తెల్లది మంచిది, నల్లదే విషం అనే మాట నమ్మొద్దు, రెండూ విషమే. ఆ విషం ఒక్కో మొక్కలో, ఒకే మొక్కలో ఒక్కో భాగంలో ఎక్కువతక్కువగా ఉంటుంది. అందుకే ఇంతవరకు తింటే ఫర్వాలేదని ఏ డాక్టరూ చెప్పడు.

తిన్న పిల్లాడికి నోరెండిపోయి మింగుడు పడదు. ఒళ్లు కాలిపోతుంటుంది, చెమట మాత్రం పట్టదు. మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుసుకుంటుంది, కంటిపాప పెద్దదై వెలుగు చూడలేడు. తర్వాత గాల్లో లేనివాటిని ఏరుతుంటాడు, ఏదేదో మాట్లాడతాడు. గాలి సోకిందని తాయెత్తు కోసం తిరిగితే కాలమంతా అక్కడే పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పని పెట్టుకోవద్దు.

పెద్దవాళ్లకు ఇంకో సంగతి. కొమ్మలు కత్తిరించిన చేత్తో కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటిపాపే పెద్దదై చూపు మసకేస్తుంది. పక్షవాతమేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్.

కొండపి రైతు:
తల్లీ, పిల్లల సంగతి సిస్టరమ్మ చెప్పింది, నేను పైరు సంగతి చెబుతా. ఉమ్మెత్త, మిరప, వంగ, టమాటా, పొగాకు అన్నీ ఒకే కుటుంబం. మిరపకు ముడత తెచ్చే తెల్లదోమ దీని మీదా కాపురం పెడుతుంది. పొగాకు మొజాయిక్ తెగులు దీనికీ సోకుతుంది. పెరట్లో కూరగాయల మడి ఉంటే దాని పక్కన ఉమ్మెత్త పెట్టడమంటే తెగులును పిలిచి పీట వేయడమే. మా గట్ల మీద మొలిస్తే పూతకు ముందే పీకేస్తాం. గొడ్లు పచ్చి మొక్కను సాధారణంగా ముట్టవు. ఎండి చొప్పలో కలిస్తే మాత్రం తెలియక తినేస్తాయి.

కావలి మిద్దెతోట:
ఆ లెక్కన గన్నేరు, జిల్లేడు కూడా పీకేయాలిగా అన్నా? హైవే డివైడర్ల మీద ఉండేది గన్నేరే. అదీ విషమే, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఒంగోలు సిస్టర్:
చిన్నపిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు కూడా వద్దనే చెబుతాను. అది ఉంది కదా అని ఇదీ ఉండనీ అనడం ఏం వాదన?

ఉదయగిరి పెద్దాయన:
మీరంతా విషం విషం అంటున్నారు. మేం ఆకుకు ఆముదం రాసి వెచ్చచేసి మోకాలికి కట్టేవాళ్లం. ఉబ్బసానికి ఎండాకు పొగ పట్టేవాళ్లు. తెల్లవాళ్లు కూడా 1802 ప్రాంతంలో ఆ పొగ సంగతి మన మద్రాసు నుంచే నేర్చుకుని వాళ్ల దేశానికి పట్టుకెళ్లారు. పిచ్చికుక్క కరిస్తే ఉమ్మెత్త రసం పోసేవాళ్లు. అలాంటి మందు మొక్కను పీకమంటారేంది?

ఒంగోలు సిస్టర్:
పెద్దాయనా, మందని నేనూ ఒప్పుకుంటా. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకు మేం ఇచ్చేది అట్రోపినే. కానీ అది మిల్లీగ్రాముల లెక్కన, నాడి చూస్తూ ఎక్కించేది. ఆకు నలిపి పిండిన రసంలో ఎంతుందో ఎవరికి తెలుసు? కుక్క కరిస్తే సబ్బుతో పావుగంట ధారగా కడిగి టీకాకు వెళ్లాల్సిందే. రేబిస్ బయటపడ్డాక ఏ రసమూ ఆపలేదు. ఈ ఒక్కటి మాత్రం మీ మనవలకు చెప్పొద్దు, దణ్ణం పెడతా.

వేదాయపాళెం కోడలు:
కాయలు ఎప్పటికప్పుడు కోసేస్తే సరిపోతుందా మరి? ఇప్పటికే ఒక కాయ ఎండి పగిలింది.

కావలి మిద్దెతోట:
నేనైతే పువ్వు వాడిన రోజే పిందెతో సహా తుంచేస్తా. కాయ నిలవదు, పూలూ ఎక్కువ వస్తాయి. చేతికి తొడుగు వేసుకుంటా, అయ్యాక సబ్బుతో కడుక్కుంటా.

ఒంగోలు సిస్టర్:
నీ మిద్దెకు తలుపుంది తమ్ముడూ, ఆమె పెరటికి లేదు. నాలుగు రోజులు పెళ్లికి ఊరెళితే పిందెలు ఎవరు తుంచుతారు? పైగా ఆకు, పువ్వు చెట్టు మీదే ఉంటాయి.

కొండపి రైతు:
పగిలిన కాయ సంగతి వదిలేశారు, నాకు అదే ముఖ్యమనిపిస్తోంది. కాయ గుండ్రంగా, పైన మొండి ముళ్లతో ఉంటుంది. ఎండాక అడ్డదిడ్డంగా చిట్లి గింజలు రాలతాయి. నల్ల ఉమ్మెత్త గింజలు చదునుగా, పసుప్పచ్చ గోధుమరంగులో ఉంటాయి. ఎండుమిరప గింజల్లో కలిపి ఏరమంటే మా ఇంట్లో సగం మంది ఏరలేరు. మట్టిలో ఏళ్ల తరబడి పడుండి, వాన పడితే మొలుస్తాయి. అంచేత చెట్టు ఉంచినా పీకినా తొట్టి చుట్టూ కొన్నేళ్లు మీ కాపలా తప్పదు. ముందు పైమట్టి చెక్కి తీసేయించు తల్లీ. పీకిన చెట్టును తగలబెట్టొద్దు, పొగ కూడా మంచిది కాదు. లోతుగా పూడ్చేయండి.

వేదాయపాళెం కోడలు:
అత్తయ్యకు మొత్తం చదివి వినిపించాను. మిరప గింజల మాట దగ్గర ఆగిపోయి, "పూజకు ఆకు కావాలి గానీ చెట్టు మనింట్లోనే ఉండాలని ఎక్కడుంది" అన్నారు. మూలాపేటలో మా ఆడపడుచు వాళ్లింట్లో చిన్నపిల్లలు లేరు, మూలస్థానేశ్వరుడి గుడి కూడా దగ్గరే. చెట్టును వేళ్లతో తవ్వి అక్కడికి పంపితే బతుకుతుందా?

కావలి మిద్దెతోట:
నడుమెత్తు పెరిగినదాన్ని తవ్వితే బతకడం కష్టమక్కా, లావు వేరు తెగిపోతుంది. ఆ పగిలిన కాయలో మిగిలిన గింజలు పంపండి, ఒక రాత్రి నానబెట్టి కుండీలో వేసుకుంటారు.

కొండపి రైతు:
ఇంతసేపు చెప్పింది ఏంది, ఇప్పుడు నువ్వు గింజలు పంచమంటుందేంది అబ్బాయా?

ఒంగోలు సిస్టర్:
పంపేట్టయితే గట్టి మూత ఉన్న సీసాలో వేసి, పైన పెద్ద అక్షరాలతో ఉమ్మెత్త, విషం అని రాసి పంపమ్మా. మీ ఆడపడుచు దాన్ని పోపుల డబ్బా ఉన్న అలమరలో పెట్టకుండా ముందే ఫోన్ చేసి చెప్పు.