సమస్యాపూరణం: “వెనుకనడుగు వేయ విజయ మబ్బు”

నిర్వాహకుడు:
ఈసారి ఛందస్సు ఆటవెలది, విషయం చారిత్రక రియల్ టైమ్ స్ట్రాటజీ (వంతులు లేకుండా సేనలను నడిపే) కంప్యూటర్ ఆటల్లోని సేనావ్యూహాలు. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 2004లో వచ్చిన రోమ్: టోటల్ వార్ ఆడినవారికి సమస్యలోని వైరుధ్యం వెంటనే అర్థమవుతుంది. ఏ దళం వెనుకకు జరిగింది, ఆ జరగడమే గెలుపుకు ఎలా కారణమైంది అన్నవి రెండూ మొదటి మూడు పాదాల్లోనే తేలాలని కోరుతున్నాను.

విలుకాడు:
విల్లు పట్టి తురగవీరుఁడు పరుగెత్తి
వెంటఁ బడిన రిపుని వెఱపు గొలుపఁ
దిరిగి తిరిగి యేయుఁ దీరైన శరములు
వెనుకనడుగు వేయ విజయ మబ్బు

నిర్వాహకుడు:
క్రీ.పూ. 53లో కర్రె వద్ద రోమన్ సేనాని క్రాసస్ సేనను ఇరాన్ ప్రాంతపు పార్థియన్లు గుర్రపు విలుకాండ్రతో అలసటపాలు చేసిన తీరు కళ్ళకు కట్టింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో గుర్రపు విలుకాడు పరుగెత్తుతూ బాణం వేయలేడు. ఆగి, తిరిగి, బాణం వదిలి, మళ్ళీ కదలాలి. కాబట్టి “తిరిగి తిరిగి” అన్న ద్విరుక్తి ఆటలో వేలు చేసే పనిని కూడా చెబుతోంది, అది నాకు చాలా నచ్చింది. “తీరైన” మాత్రం యతి కోసం వచ్చిన పదం. “తిరిగి తిరిగి యేయుఁ దీక్ష్ణశరములను” అంటే గణాలూ యతీ చెడవు, బాణానికి పదునూ వస్తుంది.

నడిదండు:
నడిమి దండు కొంత నమ్రమై జరుగంగఁ
బ్రక్కదళము లలమి పట్టి యణఁచ
శత్రు వుఱికి చిక్కు సందిట నడుమను
వెనుకనడుగు వేయ విజయ మబ్బు

నిర్వాహకుడు:
క్రీ.పూ. 216 నాటి కానే యుద్ధమిది. కార్తేజ్ సేనాని హన్నిబాల్ నెలవంకలా ముందుకు ఉబికించిన నడిమి దండు రోమన్ల ఒత్తిడికి లోపలికి వంగగా, రెండు పక్కల ఉన్న ఆఫ్రికా పదాతి మూసుకొచ్చింది. “నమ్రమై” అన్న మాట ఇక్కడ అమోఘం, ఎందుకంటే వంగడం, తగ్గడం రెండూ అందులోనే ఉన్నాయి. అయితే వెనుకవైపును మూసిన గుర్రపు దళం పద్యంలో లేదు. అది లేకపోతే శత్రువు వచ్చిన దారినే పోగలడు. ఆడేవారికి మరొక మాట: రోమ్: టోటల్ వార్‌లో పోరులో చిక్కుకున్న దళానికి వెనుకకు వెళ్ళమని ఆజ్ఞ ఇస్తే సైనికులు వీపు తిప్పి నరికించుకుంటారు, పక్కవారి ధైర్యం కూడా సడలుతుంది. నడిమి వరుసను లోతుగా పేర్చి, గార్డ్ మోడ్‌లో (చోటు వదలకుండా నిలిచే ఆజ్ఞలో) ఉంచి, శత్రువే దాన్ని నెట్టుకొచ్చేలా చేయాలి.

మెరకపల్లం:
ఈటె బారు గట్టి యెదురు నిల్చిన మూఁక
మెరక పల్లములకు మెల్ల మెల్ల
లాగి సందు చూచి లంఘింప వలెనన్న
వెనుకనడుగు వేయ విజయ మబ్బు

నిర్వాహకుడు:
ఇప్పటివరకు వచ్చిన పూరణల్లో అన్వయం అన్నిటికంటే గట్టిగా ఉన్నది ఇదే. “వలెనన్న” అన్న ఒక్క మాట మూడు పాదాలనూ సమస్యకు కట్టివేసింది. క్రీ.పూ. 168లో పిడ్నా వద్ద రోమన్లు తగ్గుతుంటే ముందుకు వచ్చిన మాసిడోనియా ఫాలాంక్స్ (పొడవాటి ఈటెల దట్టమైన వ్యూహం) ఎగుడుదిగుడు నేలపై వరుస తప్పింది. ఆ ఖాళీల్లోకి రోమన్లు చిన్న జట్లుగా చొరబడ్డారు. దగ్గరికి రాగలిగిన కత్తి ముందు పొడవాటి ఈటె భారమే అవుతుంది. రోమ్: టోటల్ వార్‌లో కూడా ఫాలాంక్స్‌కు ఎదురుగా దూకినవాడు ఈటెలకు గుచ్చుకుంటాడు, పక్కకు చేరినవాడు గెలుస్తాడు.

రాతివాన:
రాళ్ళు విసరు యంత్ర రావంబు వినినంత
గుంపు చీలి రెండు గుంపు లైన
నడుమ నేలఁ బడును నష్టమ్ము లేకుండ
వెనుకనడుగు వేయ విజయ మబ్బు

నిర్వాహకుడు:
ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో మాంగొనెల్ (రాళ్ళు విసిరే యంత్రం) రాయి గురిపెట్టిన చోటికే వస్తుంది కనుక, దళాన్ని రెండుగా చీల్చే ఫ్లాంక్ వ్యూహం విలుకాండ్రను నిజంగానే కాపాడుతుంది. విషయం సరైనదే కానీ, అన్వయం తెగింది. రాయి నడుమ నేలపై పడిపోయాక మళ్ళీ వెనుకడుగు దేనికో పద్యం చెప్పలేదు. పైగా “పడును” అన్న క్రియకు కర్త ఎవరో పాఠకుడు వెతుక్కోవలసి వస్తోంది. చీలడం, వెనుకకు జరగడం ఒకే కదలికగా మలచి మళ్ళీ పంపండి.

రాతివాన:
దోషం అర్థమైంది, ధన్యవాదాలు. సవరించిన పూరణ ఇది.

రాళ్ళు విసరు యంత్ర రావంబు వినినంత
గుంపు చీల్చి రెండు గుంపులుగను
బారి తప్పఁ జూచి పదిబార లెడముగా
వెనుకనడుగు వేయ విజయ మబ్బు

నిర్వాహకుడు:
ఇప్పుడు కుదిరింది. మూడవ పాదంలో బా-ప యతి చెల్లుతుంది, “ఎడముగా” అన్నది చీలికకూ వెనుకడుగుకూ రెండింటికీ అన్వయిస్తోంది. దీనిని స్వీకరిస్తున్నాను.