సెర్చ్ ఇంజన్ మారిస్తే మన గోప్యత మనకు దక్కుతుందా?

ఆకివీడు చెరువుగట్టు

మా ఇంట్లో ఉన్నది ఒకే మంచి ఫోను. పగలు చెరువుల పని మీద నా దగ్గర, సాయంత్రం పేపరు చదువుకోవడానికి నాన్నగారి దగ్గర, రాత్రి చదువు కోసం మా చెల్లెలి దగ్గర ఉంటుంది. వెనామీ రొయ్యకు వైట్ స్పాట్ తెగులు తగిలిందేమోనన్న అనుమానంతో నేను ఏదైనా వెతికితే, మర్నాటి నుంచి ఏ వార్త తెరిచినా పక్కన ప్రొబయాటిక్ డబ్బాలు, మినరల్ బస్తాలు కనిపిస్తాయి. దానికి అలవాటుపడిపోయాను గనుక ఎన్నడూ పట్టించుకోలేదు.

ఈసారి సంగతి వేరు. మా అమ్మకు రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. పరీక్ష ఫలితం వచ్చేవరకు నాన్నగారికి చెప్పవద్దని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. ఆ రాత్రి చెల్లెలు ఫోనులో దాని గురించి వెతికింది. తరువాత నాన్నగారు పేపరు చదువుకునే పేజీలోనే క్యాన్సర్ పరీక్షల ప్యాకేజీల ప్రకటనలు రావడం మొదలైంది. అది చాలదన్నట్టు, ఒక ల్యాబు తరఫున ఎవరో ఫోన్ చేసి, "మామోగ్రామ్ గురించి అడిగారు కదండీ" అన్నారు. ఫోన్ ఎత్తింది నేను కాబట్టి సరిపోయింది. (గడ్డ వల్ల ప్రమాదమేమీ లేదని తేలింది. నాన్నగారికి కూడా చెప్పేశాం.)

ఫోనుతోపాటు వచ్చిన గూగుల్ సెర్చ్ ఇంజన్‌ను పక్కనపెట్టి, డక్‌డక్‌గో వంటిదానికి మారమని భీమవరంలో ఉన్న మా బావ అంటున్నాడు. మారితే ఇటువంటివి నిజంగా ఆగుతాయా, లేక అది మన తృప్తికేనా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

రాజోలు మాష్టారు

అమ్మగారికి ప్రమాదం లేదని తెలిసి మనసు కుదుటపడింది. మీ ప్రశ్నకు నా సమాధానం మారమనే. అయితే మీరు ఒకే ఫిర్యాదుగా రాసినదాంట్లో వేర్వేరు దారులు కలిసిపోయి ఉన్నాయి; వాటిని విడదీసుకోకుండా మారితే నెల తిరక్కుండానే నిరాశపడతారు.

సెర్చ్ ఇంజన్‌కు స్వయంగా తెలిసేది ఎంత? మీరు కొట్టిన మాటలు, కొట్టిన సమయం, మీ కనెక్షన్ ఐపీ అడ్రస్ (నెట్‌లో దాని చిరునామా అంకె), మీ బ్రౌజర్‌లో (పేజీలు తెరిచే యాప్‌లో) అది పెట్టుకున్న కుకీ (మిమ్మల్ని మళ్లీ గుర్తుపట్టే చిన్న ఫైలు), లాగిన్ అయి ఉంటే మీ ఖాతా. పేరు తీసేసి దాచుకుంటే నష్టమేమిటని అడిగేవారు ఉంటారు. 2006లో అమెరికాలోని ఏఓఎల్ కంపెనీ సుమారు 6,50,000 మంది వెతికిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలను, పేర్ల స్థానంలో అంకెలు వేసి, పరిశోధకుల కోసమని బయటపెట్టింది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక అంకె కింద ఉన్న ప్రశ్నలన్నీ వరుసగా చదివి, వాటిలోని ఊరి పేరును, ఇంటిపేరును, ఒంటి బాధలను కలిపి చూసుకుని, ఆ మనిషి ఎవరో కనిపెట్టి వెళ్లి కలిశారు. మనిషి పేరు చెప్పకపోయినా, ఆమె వెతికిన మాటలే ఆమెను పట్టించాయి.

ఈ దారి వరకు డక్‌డక్‌గో పనికివస్తుంది. 2008లో మొదలైన ఆ సంస్థ, మీరు వెతికిన మాటను మీకు ముడిపెట్టి దాచుకోనని చెబుతుంది. అక్కడా ప్రకటనలు ఉంటాయి గాని, అవి ఇప్పుడు కొట్టిన మాటను బట్టి వస్తాయి తప్ప నిన్న కొట్టిన మాటను బట్టి రావు. బ్రేవ్ వారి సెర్చ్ 2021లో వచ్చింది. వారికి సొంత సూచిక (వెబ్ పేజీల జాబితా) ఉంది. స్టార్ట్‌పేజ్ నెదర్లాండ్స్‌ది; మీ గుర్తులు తీసేసి, మీ తరఫున తానే గూగుల్‌ను అడిగి ఫలితాలు తెచ్చిపెడుతుంది.

నాన్నగారి పేపరు పేజీలో వచ్చిన ప్రకటనల దారి వేరు. చెల్లెలు వెతికి ఊరుకోలేదు కదా, ఫలితాల్లో వచ్చిన పేజీలు తెరిచి చదివింది. ఆ పేజీల్లో ప్రకటనల కంపెనీల ట్రాకర్లు (ఎవరు ఏం చూశారో గమనించి పంపే కోడ్‌లు) కాచుకుని ఉంటాయి. వ్యక్తుల అనారోగ్యాన్ని ఆధారం చేసుకుని ప్రకటనలు గురిపెట్టరాదని గూగుల్ తన ప్రకటనల నియమాల్లో రాసుకుంది. కానీ వెబ్‌లో ప్రకటనల వ్యాపారం చేసేది గూగుల్ ఒక్కటే కాదు. 2022లో ద మార్కప్ అనే పత్రిక అమెరికాలోని 100 పెద్ద ఆస్పత్రుల వెబ్‌సైట్లను పరిశీలిస్తే 33 చోట్ల ఫేస్‌బుక్ మాతృసంస్థ ట్రాకర్ కనిపించింది. రోగి అపాయింట్‌మెంట్ బటన్ నొక్కిన సంగతి దాని ద్వారా అటు చేరేది. మీరు ఏ సెర్చ్ ఇంజన్ నుంచి ఆ పేజీకి వెళ్లినా ఈ ట్రాకర్లు పనిచేస్తాయి. దీనికి మందు బ్రౌజర్‌లో ఉంది. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, డక్‌డక్‌గో యాప్ ట్రాకర్లను చాలావరకు అడ్డుకుంటాయి. సెర్చ్ ఇంజన్ ఒక్కటే మార్చడం కాలువగట్టుకు రెండు గండ్లు పడితే ఒకటి పూడ్చి ఇంటికి వెళ్లడం వంటిది.

ఇక ఆ ఫోన్ కాల్. ఏ సెర్చ్ ఇంజనూ మీ నంబరును ల్యాబు వారికి అందించి ఉంటుందని నేను అనుకోను. "ధర తెలుసుకోండి" అనో "ఉచిత సలహా" అనో ఉన్న పెట్టెలో చెల్లెలు నంబరు వేసిందేమో నెమ్మదిగా అడిగి చూడండి. కోప్పడవద్దు, ఆ పెట్టెలు పేజీకి అడ్డంగా వచ్చి, నంబరు ఇవ్వనిదే కదలనట్టు కూర్చుంటాయి.

పాలకొల్లు గ్రంథాలయం

మాష్టారితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, గోప్యత పేరుతో వచ్చిన ప్రతి సంస్థనూ నెత్తిన పెట్టుకోనక్కరలేదు. డక్‌డక్‌గో ఫలితాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ వారి బింగ్ నుంచి వచ్చేవే. 2022 మేలో ఒక పరిశోధకుడు ఆ సంస్థ బ్రౌజర్‌ను పరీక్షిస్తే, ఇతర కంపెనీల ట్రాకర్లను ఆపుతున్న ఆ బ్రౌజర్ కొన్ని వెబ్‌సైట్లలో మైక్రోసాఫ్ట్ ట్రాకర్లను మాత్రం వదిలేస్తోందని తేలింది. మైక్రోసాఫ్ట్‌తో ఉన్న ఒప్పందమే కారణమని సంస్థ అధిపతి ఒప్పుకున్నారు. గొడవ అయ్యాక ఆగస్టులో వాటినీ ఆపుతామని ప్రకటించారు. స్టార్ట్‌పేజ్‌లో 2019లో వాటా కొన్నది ప్రకటనల వ్యాపారంలో ఉన్న సిస్టమ్‌వన్ అనే కంపెనీకి చెందిన సంస్థ. వీటి వల్ల అవి పనికిరానివి అయిపోవు, కానీ వాటి మాటను కూడా ఇతరుల మాటలాగే పరీక్షించుకోవాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తెలుగు. మా గ్రంథాలయానికి వచ్చే రైతులు "adangal ela chudali" అని తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, లేదా మైకు నొక్కి గోదావరి యాసలో అడుగుతారు. గూగుల్ దాన్ని ఎలాగో అర్థం చేసుకుని ప్రభుత్వ భూమి రికార్డుల మీభూమి పేజీ చూపిస్తుంది. మిగిలినవాటిలో నేను చూసినంతవరకు అదే ప్రశ్నకు సంబంధం లేని వీడియోలు, ఎవరో రాసిన బ్లాగులు ముందు వస్తున్నాయి. ఇది సౌకర్యం మాటే కాదు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు వెతికి, ఎవరో మోసగాడు పెట్టిన నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకునేవారు ఉన్నారు. ఆ మోసం గూగుల్‌లోనూ జరుగుతుంది, మిగిలినవాటిలోనూ జరుగుతుంది. ఏది వాడినా ప్రభుత్వ పని అయితే చిరునామా చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోవాలి, బ్యాంకు నంబరు పాస్‌బుక్ మీద చూసుకోవాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అందుచేత అన్నిటికీ మారమని కాకుండా, ఒంటి సంగతి, ఇంటి సంగతి వెతకడానికి మారమని నేను చెబుతాను. అడంగల్‌కు, బస్సు వేళలకు పాతదే వాడుకోండి.

ఆకివీడు చెరువుగట్టు

మాష్టారు ఊహించినట్టే జరిగిందండి. ప్యాకేజీ ధర చూపించడానికి ముందు ఆ పేజీ నంబరు అడిగిందట. చెల్లెలు మరో మాట చెప్పింది: ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్‌లోని ప్రైవేటు కిటికీలో) వెతికితే ఏదీ నమోదు కాదని వాళ్ల కాలేజీలో అందరూ అంటారట, ఇక మీదట అలాగే చేస్తానంటోంది. ఈ మార్పులన్నీ లేకుండా అది సరిపోదా?

రాజోలు మాష్టారు

సరిపోదు. ఇన్‌కాగ్నిటో మీ ఫోనులో చరిత్ర మిగలకుండా చూస్తుంది. బయట ఉన్న వెబ్‌సైట్లకు, వాటిలోని ట్రాకర్లకు, మీ నెట్ కంపెనీకి మీరు కనిపిస్తూనే ఉంటారు. ఈ విషయం మీదనే 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నవారి నుంచి సేకరించిన వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి గూగుల్ ఒప్పుకున్నట్టు 2024 ఏప్రిల్‌లో రాజీ పత్రాలు కోర్టుకు చేరాయి.

పాలకొల్లు వారు చెప్పిన పంపకం నాకూ నచ్చింది, ఒక్క సవరణతో. పాతది ఎక్కడ వాడినా దాని జ్ఞాపకాన్ని కుదించండి. గూగుల్ ఖాతాలో మై యాక్టివిటీకి వెళ్లి, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీని ఆపేయవచ్చు, లేదా 3 నెలలు దాటినది దానంతట అదే చెరిగిపోయేలా పెట్టవచ్చు. గూగుల్ వారి బ్రౌజర్ క్రోమ్ వదలడం ఇష్టం లేకపోతే దాని సెట్టింగ్స్‌లోనే సెర్చ్ ఇంజన్ అన్నచోట వేరేది ఎంచుకోవచ్చు. అర నిమిషం పని. ఆ అర నిమిషం పని మనం చేయబోమన్న నమ్మకానికి ఎంత విలువ ఉందో చూడండి: ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ ముందుగా తన సెర్చ్ ఉండటానికి గూగుల్ ఒక్క 2021లోనే 2,600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించిందని అమెరికా కోర్టులో బయటపడింది. మన దేశంలో 2022 అక్టోబరులో కాంపిటిషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీని చూసే సంస్థ) ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసిన తరువాత, కొత్త ఫోను మొదలుపెట్టేటప్పుడు సెర్చ్ ఇంజన్‌ను ఎంచుకునే తెర చూపిస్తామని గూగుల్ 2023 జనవరిలో ప్రకటించింది. ఈసారి ఫోను కొన్నప్పుడు షాపు కుర్రాడికి ఇచ్చి అన్నీ నొక్కించుకోకుండా, ఆ తెర దగ్గర మీరే కూర్చోండి.

అమలాపురం ఆడపడుచు

మగవారందరూ అమెరికా కంపెనీల గురించి మాట్లాడుతున్నారు గాని, ఈ ఇంట్లో అమ్మగారు దాచాలనుకున్నది ఏ కంపెనీ దగ్గరా కాదు, ఇంటాయన దగ్గర. సెర్చ్ ఇంజన్ మార్చినా, ఫోను పంచుకున్నంతకాలం ఆ భయం పోదు. చిరునామా పెట్టెలో "రొ" అని కొట్టగానే రాత్రి వెతికిన మాట కిందకు దిగివస్తుంది.

పంచుకునే ఫోనులో ఇటువంటి విషయాలకు వేరే బ్రౌజర్ పెట్టుకోవాలి. నేను ఫైర్‌ఫాక్స్ ఫోకస్ వాడతాను. ఒక బటన్ నొక్కితే చూసినదంతా చెరిగిపోతుంది, కుకీలతో సహా. డక్‌డక్‌గో యాప్‌లో మంట బొమ్మ నొక్కినా అంతే. దాంట్లో ఏ ఖాతాలోనూ లాగిన్ కాకూడదు. పేజీ ఎంత మొత్తుకున్నా సరే, అక్కడ కనిపించే పెట్టెల్లో ఇంటి ఫోన్ నంబరు వేయకూడదు; మా దగ్గర ఆశా కార్యకర్త ఉంటుంది, ధర ఆమెను అడిగినా తెలుస్తుంది.

ఆ ల్యాబు మళ్లీ ఫోన్ చేస్తే, ఇచ్చిన సమ్మతి వెనక్కు తీసుకుంటున్నామని, నంబరు తీసేయమని గట్టిగా చెప్పండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ హక్కును గుర్తించింది. దాని సెక్షన్లు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఈలోగా 1909కి ఫోన్ చేసి మీ నంబరును డీఎన్‌డీలో (వాణిజ్య కాల్స్ వద్దన్నవారి జాబితాలో) పెట్టించండి, వాణిజ్య కాల్స్ చాలావరకు తగ్గుతాయి.