మిక్ 45 శాతం, బీసీఎల్2 70 శాతం: జబ్బుకి మూలం ఇదేనా?

గుణుపురం శ్రీను
అందరికీ నమస్కారం. మా చిన్నాన్నకి చంకలో గడ్డ వస్తే విశాఖపట్నంలో ముక్క తీశారు. పెద్ద బి-కణాల లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్ అన్నారు. రిపోర్టు చివర ‘మిక్ 45 శాతం, బీసీఎల్2 70 శాతం, రెండూ అధికం, ఫిష్ పరీక్ష చేయించవలెను’ అని ఉంది. ఈ జీన్లు ఎక్కువ పని చెయ్యడం వల్లే జబ్బు వచ్చిందా? ఫిష్‌కి ముక్కని వేరే ఊరు పంపాలంట, వేలల్లో అవుద్దంట. చేయించాలా వద్దా?

పర్లాకిమిడి మాస్టారు
శ్రీనూ, మూలం అదే నాయనా. మిక్ అనేది కణాన్ని విభజన చెందమని చెప్పే జీన్. అవసరం తీరగానే అది ఆగాలి. బర్కిట్ అనే ఇంకో రకం లింఫోమాలో 8వ క్రోమోజోము (జీన్లుండే పోగు) ముక్క, మిక్‌తో సహా తెగి 14వ దానికి అతుక్కుంటుంది. అక్కడ యాంటీబాడీలు, అంటే రోగక్రిములతో పోరాడే ప్రోటీన్లు చేయించే జీన్ ఉంటుంది. బి-కణం పనే యాంటీబాడీలు చెయ్యడం కనక ఆ చోటు ఎప్పుడూ చురుగ్గా ఉంటుంది. దాని పక్కన చేరిన మిక్‌కి ఇక ఆగడం ఉండదు. 1982లోనే ఇది తేలింది. 1985లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలుకల్లో అదే ఏర్పాటు చేస్తే వాటికీ లింఫోమా వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి? ఇక బీసీఎల్2 కణాన్ని చావనివ్వదు. ఒకటి పెరగమంటుంది, ఒకటి చావొద్దంటుంది. ఫిష్ అంటే ఆ జీన్ల దగ్గర క్రోమోజోము తెగిందా అని చూసే పరీక్ష, తప్పక చేయించు. అది తేలకుండా మందు మొదలుపెట్టనివ్వకు.

సిరొంచ స్వరూప
మాస్టారు గారూ, ఆ ఎలుకల ముచ్చట సగమే జెప్పిన్రు. వాటి బి-కణాలన్నింట్ల పుట్టినప్పటి నుంచే మిక్ ఎక్కువుంది. మరి గడ్డ నెలల తర్వాత ఎందుకొచ్చింది? అన్ని కణాల నుంచి గాక ఒక్క కణం సంతానంగ ఎందుకు పెరిగింది? ఇంకో దెబ్బ తగిలితేనే రోగమైతది. 14, 18 క్రోమోజోములు అతుక్కుని బీసీఎల్2 పెరిగిన కణాలు ఏ రోగం లేనోళ్ల రక్తంల గూడ దొరుకుతయ్. వాళ్లల్ల ఎక్కువమందికి ఎన్నడూ లింఫోమా రాదు. మూలం అదే అని ఒక్క మాటల ఎట్ల తేలుస్తరు? ఇంకోటి, ఆ 45 జీన్‌ను కొలిచింది గాదు. రంగేసి, మైక్రోస్కోపుల కంటితో చూసి ప్రోటీన్ ఎన్ని కణాలల్ల ఉన్నదో అంచనా కట్టింది. మిక్ ‘అధికం’ అనే గీత 40 కాడ ఉన్నది. ఇంకో డాక్టరు చూస్తే 35 అనొచ్చు.

బల్లార్షా రాజన్న
జీన్ అంటే పిల్లలకు గూడ వస్తదా? మా ఇంట్ల గిదే భయం.

జయపురం వాణి
రాదండీ రాజన్న గారూ. ఆ మార్పు పుట్టాక ఆ గడ్డ కణాల్లో వచ్చింది, పిల్లలకి వెళ్లదు. మీ ఇంట్లో వాళ్లకి ధైర్యం చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు
స్వరూపమ్మా, 35 అనొచ్చు అన్న మాట మీద శ్రీను కుటుంబాన్ని ఎందుకు తికమక పెడతారు? 40 గీత నేను గీసింది కాదు. మిక్‌కి 40, బీసీఎల్2కి 50, చాలామంది వైద్యులు వాడే గీతలే. 1988లో డేవిడ్ వాక్స్ అనే శాస్త్రవేత్త బృందం చూపింది కూడా ఇదే కదా, బీసీఎల్2 ఒక్కటే కణాన్ని పెంచదు, బతికిస్తుంది, మిక్‌కి తోడైతే గండం. ఇక్కడ రెండూ ఉన్నాయి.

సిరొంచ స్వరూప
మొదట మూలం అదే అన్నరు, ఇప్పుడు రెండు కలిస్తే అంటున్నరు. సరే. కానీ ఈ రకం లింఫోమాల మిక్ ప్రోటీన్ పెరిగినోళ్లు శానమంది ఉంటరు, క్రోమోజోము తెగినోళ్లు వాళ్లల్ల కొందరే. తెగకుండనే పెరిగిందంటే దాన్ని పెంచేది ఇంకేదో ఉన్నట్టు. అప్పుడది కారణమా, ఫలితమా?

పర్లాకిమిడి మాస్టారు
అది తేల్చడానికే ఫిష్! తెగిందా, ఊరికే పెరిగిందా చెప్పేది అదే. రెండు జీన్లూ తెగితే జబ్బు తీవ్రత వేరు, చాలామంది డాక్టర్లు ఇచ్చే మందు వేరు. మా చెల్లెలికి ఇదే రకం లింఫోమా. పరీక్ష ఎందుకు, ఖర్చు దండగ అన్నారు. అందరికీ ఇచ్చే ఆరు విడతలూ ఇచ్చారు. ఏడాది తిరక్కుండా తిరగబెట్టింది. అప్పుడు చేస్తే రెండూ తెగి ఉన్నాయి. ముందే తెలిస్తే మొదటి రోజు నుంచే ఆ మందు పడేది. నేను తికమక పెడుతున్నానా?

సిరొంచ స్వరూప
మీ చెల్లె గురించి చదివితే మనసు కలుక్కుమన్నది మాస్టారూ. కానీ మా అన్న ఎట్ల పోయిండో మీరూ వినాలె. మెడకాడ గడ్డ. పరీక్ష రావాలె, అప్పుడే మందు అన్నరు. దసరాకు ముక్క పంపితే రిపోర్టు దీపావళి దాటినంక వచ్చింది. అప్పటికి అన్న పడుకుంటె ఊపిరాడక కూసునే నిద్రపోతుండె. గోదావరి దాటి దవాఖానకు తీస్కపోయేసరికి మందు తట్టుకునే బలమే లేదు. మీరు పైన ‘అది తేలకుండా మందు మొదలుపెట్టనివ్వకు’ అని రాసిన్రు సూడు, ఆ ఒక్క ముక్కకే నాకు కోపం. కారణమా, ఫలితమా అన్నదానికి గాదు.

పర్లాకిమిడి మాస్టారు
ఆపమన్నది ఊరికే కాదమ్మా. ఒకసారి మొదలెట్టాక పరీక్ష ఎవరూ పట్టించుకోరు. మాకు జరిగింది అదే.

జయపురం వాణి
ఇద్దరూ వినండి, నేను ల్యాబులో పని చేస్తాను. ముక్కని మైనం దిమ్మలో భద్రపరుస్తారు, దాన్నే బ్లాకు అంటారు. ఫిష్‌కి అదే చాలు, మళ్లీ కోత అక్కర్లేదు. బ్లాకు పంపి, రిపోర్టు వచ్చేలోపు మొదటి విడత ఆర్-చాప్ (ఈ జబ్బుకి మామూలుగా ఇచ్చే మందుల కలయిక) ఇచ్చేస్తారు చాలాచోట్ల. రెండు జీన్లూ తెగాయని వస్తే తర్వాతి విడత నుంచి మందు మార్చే వీలుంటుంది. ప్రోటీన్లు మాత్రమే పెరిగితే ఎక్కువమంది ఆర్-చాప్‌తోనే కొనసాగిస్తారు. మీ చిన్నాన్నకి ఏది సరిపడుతుందో మాత్రం ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి.

సిరొంచ స్వరూప
శ్రీనూ తమ్ముడూ, చిన్నాన్నకు జ్వరం, రాత్రిపూట చెమటలు ఉన్నయా? గడ్డ పెరుగుతున్నదా? ఉంటే ఇక్కడ మా జవాబుల కోసం సూడకు, పో.

గుణుపురం శ్రీను
చెమటలున్నాయి అక్కా, గడ్డా పెరిగినట్టే ఉంది. రేపు విశాఖ బండికి బయలుదేరతాం. మందు ఎప్పుడు మొదలెడతారు, ఫిష్‌కి ఎప్పుడు పంపుతారు, రెండూ ఒకేసారి అడుగుతాను.

పర్లాకిమిడి మాస్టారు
అడిగి ఊరుకోకు. బ్లాకు నంబరు రాయించుకో, పంపిన రోజు రసీదు తీసుకో. రెండో విడతకి వెళ్లేటప్పుడు ఫిష్ రిపోర్టు లేకపోతే అక్కడే కూర్చుని అడుగు. అంతవరకూ నా మాట మారదు.