ఖండించిందా, నిందించిందా? 2003 లోక్‌సభ తీర్మానంలోని ఒక క్రియ

హన్మకొండ నుంచి (మొదటి పోస్టు)

గ్రూప్-1కి తెలుగు మీడియంలో చదువుతున్న ఒక చెల్లె మొన్న ఇక్కడ ఒక ప్రశ్న వేసింది. ఇరాక్ యుద్ధం మీద 2003లో లోక్‌సభ చేసిన తీర్మానం ఇంగ్లిష్ ప్రతిలో ‘డిప్లోర్’ అని ఉందట, హిందీలో ‘నిందా’ అని ఉందట. మరి తెలుగు జవాబులో ఏ మాట రాయాలి? కింద నలుగురు నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోయారు. ఖండించింది, నిందించింది, గర్హించింది, అభిశంసించింది. ఈ నాలుగూ ఒకటి కావు. అందుకే విడిగా రాస్తున్నా.

ముందు సభలో ఏం జరిగిందో చూద్దాం. 2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్ మీద పడ్డాయి. వాజ్‌పేయి ప్రభుత్వం తీవ్ర ఆవేదన తెలిపింది, ఈ సైనిక చర్యకు సమర్థన లేదని కూడా అంది. అక్కడే ఆగింది. మధ్యేమార్గం అన్నారు. ప్రతిపక్షం ఊరుకోలేదు. ఇది ఆవేదన పడే సంగతా, పార్లమెంటు గట్టిగా ‘కండెమ్’ చేయాలి అని పట్టుబట్టింది. ప్రభుత్వం అంతకంటే మెత్తనిదైన ‘డిప్లోర్’ దాకా అయితే వస్తానంది. బాంబులు ఒకపక్క పడుతుంటే ఢిల్లీలో రెండు ఇంగ్లిష్ క్రియల మధ్య బేరం నడిచింది. చివరికి దారి చూపింది హిందీ. తీర్మానాన్ని హిందీలో ‘నిందా’ అని రాశారు, ఇంగ్లిష్ ప్రతిలో ‘డిప్లోర్’ అని పెట్టారు. కండెమ్ కావాలన్నవాళ్లు హిందీలో అదే విన్నారు, వద్దన్నవాళ్లు ఇంగ్లిష్‌లో తమ మాటే చూసుకున్నారు. ఏప్రిల్ 8న లోక్‌సభ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. మర్నాడే బాగ్దాద్ పడిపోయింది.

దీన్ని చాలామంది కప్పదాటు అని కొట్టిపారేస్తారు. నేను అలా అనను. ఏకగ్రీవ తీర్మానం అంటే అధికార పక్షం కూడా దానికి కట్టుబడినట్టే. ఆ వేసవిలో ఇరాక్‌కు సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని జూలై 14న మన ప్రభుత్వం చెప్పింది. ఆ నిర్ణయానికి కారణాలు చాలా ఉంటాయి. సభ ఒప్పుకున్న మాట అందులో ఒకటి కాదని మాత్రం నేను నమ్మను.

ఇప్పుడు మన భాషకు వద్దాం. హిందీలో మనిషి ‘కీ నిందా’ అనొచ్చు, దాడి ‘కీ నిందా’ అనొచ్చు. మెత్తగా వాడుకోవచ్చు, గట్టిగా వాడుకోవచ్చు. రాజీ కుదిరింది ఆ వెసులుబాటు వల్లే. తెలుగులో అది లేదు. మన క్రియలకు పట్టింపు ఎక్కువ, దేన్ని పడితే దాన్ని కర్మగా (అంటే క్రియ ఎవరి మీద, దేని మీద పడుతుందో ఆ మాటగా) రానివ్వవు. ఖండించడానికి ఒక పనో ఒక మాటో కావాలి. దాడిని ఖండించారు, ఆరోపణను ఖండించారు. ‘బుష్‌ను ఖండించారు’ అని రాసి చూడండి, చదివేవాడికి కత్తి కనిపిస్తుంది. నిందించడానికి మనిషి కావాలి. మనిషి దొరక్కపోతే దేవుడో, విధో. కోడలిని నిందించారు, తలరాతను నిందించుకున్నారు. ‘యుద్ధాన్ని నిందించారు’ అంటే వ్యాకరణం తప్పు పట్టకపోవచ్చు గానీ ఎవరూ అలా అనరు. అభిశంసనకు మనిషి ఒక్కడే చాలడు, పదవి కావాలి. రాష్ట్రపతో, జడ్జో ఉండాలి. గర్హించడం పనికే సరిపోతుంది, అర్థం కూడా డిప్లోర్‌కు దగ్గరే. కానీ సంపాదకీయం రాసేవాళ్లు తప్ప ఈ భూమ్మీద ఎవరూ గర్హించరు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రేటు పడిపోయిన రోజు రైతు చాలా మాటలు అంటాడు, ఆ ఒక్కటి మాత్రం అనడు.

నిందతో ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర నింద అంటే సగం అబద్ధమనే లెక్క. నింద మోపుతారు, నింద పడతాం, నింద మోస్తాం. వినాయక చవితి నాడు కథ విని అక్షింతలు వేసుకునేదే నీలాపనిందలు రావద్దని. శమంతకమణిని కృష్ణుడు దొంగిలించలేదు కదా! కాబట్టి ‘లోక్‌సభ అమెరికాను నిందించింది’ అని రాస్తే, తెలుగు చెవికి అమెరికా ఏ పాపం ఎరగనట్టు వినపడుతుంది. హిందీ మాటను యథాతథంగా తెచ్చుకుంటే వచ్చే నష్టం ఇది.

చెల్లె, నువ్వు ‘ఖండించింది’ అనే రాయి. ఇంగ్లిష్ ప్రతిలో కొంచెం మెత్తని మాట వాడారని ఒక వాక్యం కలుపు. నాకు తోచింది ఇది, పెద్దలు సరిచూడండి.

నర్సంపేట నుంచి (రిటైర్డ్ తెలుగు పండిట్)

కర్మ సంగతి బాగా పట్టుకున్నావు నాయనా. ఒకటి కలుపుతాను. ఖండం అంటే ముక్క. శాస్త్ర చర్చల్లో ఖండన, మండన అని జంటగా వస్తాయి. ఎదుటివాడి వాదాన్ని ముక్కలు చేయడం ఖండన, తన వాదాన్ని నిలబెట్టుకోవడం మండన. అంటే ఇది మొదట మాటలను నరికే మాట. పనులకు వాడటం పత్రికల వల్ల స్థిరపడిందని నా అంచనా. అందుకే ఇవాళ ఒకే క్రియ రెండు పనులు చేస్తోంది. ‘దాడిని ఖండించిన ప్రభుత్వం’ అంటే దాడి జరిగింది, ప్రభుత్వానికి కోపం వచ్చింది. ‘దాడి వార్తను ఖండించిన ప్రభుత్వం’ అంటే అసలు దాడే జరగలేదంటోంది. మధ్యలో ఒక్క ‘వార్త’ జారిపోతే కథ తలకిందులు. సింగిల్ కాలమ్ హెడ్డింగుల్లో అది జారిపోతూనే ఉంటుంది.

ఇక ఈ పేచీ 2003లో పుట్టింది కాదు. 1956 నవంబరు రోజులు గుర్తు చేసుకోండి. ఇక్కడ హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఆ వారంలోనే అక్కడ సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద బ్రిటన్, ఫ్రాన్స్ బాంబులు వేశాయి, హంగరీలోకి సోవియట్ ట్యాంకులు రెండోసారి దిగాయి. నెహ్రూ సూయజ్ విషయంలో వెంటనే గట్టిగా మాట్లాడారు, హంగరీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. ఇది ఏం న్యాయమని లోక్‌సభలోనే అడిగారు. మా లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు 1980 జనవరిలో విదేశాంగ మంత్రి అయ్యేనాటికి సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లో దిగి నెల కూడా కాలేదు. ఎవరినీ ఖండించకుండా అసమ్మతి ఎలా తెలపాలి అన్నదే ఆ కుర్చీలో మొదటి పాఠం అయి ఉంటుంది. అన్ని భాషలు వచ్చిన మనిషి కాబట్టి నెగ్గుకొచ్చారు. ఆయన మౌనాన్ని వెక్కిరించేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

కాజీపేట నుంచి

సార్, నాకు ఖండన కంటే ‘ఆందోళన’ తోనే పేచీ. ‘పశ్చిమాసియా పరిస్థితిపై భారత్ తీవ్ర ఆందోళన’ అని హెడ్డింగ్ చూస్తాను. నేను పుట్టి పెరిగింది జంక్షన్ పక్కన. తీవ్ర ఆందోళన అంటే నాకు జనం పట్టాల మీద కూర్చోవాలి, బండ్లు ఆగాలి. అక్కడ చూస్తే ఒక అధికారి మైకు ముందు కాగితం చదువుతుంటాడు.

మండిబజార్ నుంచి

ఉర్దూ పేపర్లలో ఈ గొడవ లేదు భాయ్. ఖండనకు మజమ్మత్ అని ఒకటే మాట, అన్నిటికీ అదే. మా నాన్న పొద్దున చాయ్ తాగుతూ హెడ్డింగులు పైకి చదువుతారు, వారంలో నాలుగు రోజులు ఎవరో ఒకరు మజమ్మత్ చేస్తూనే ఉంటారు. ‘ఫిర్ క్యా హువా’ (తర్వాత ఏమైంది) అని ఆయనే అడిగి, ఆయనే పేజీ తిప్పుతారు.

నాది వేరే డౌటు. ‘ఇరుపక్షాలు సంయమనం పాటించాలి’ అంటారు కదా, ఈ సంయమనం ఎవరి ఇంట్లో మాట? పండుగలప్పుడు పోలీసులు పెట్టే శాంతి కమిటీ మీటింగులో తప్ప నేనెక్కడా వినలేదు. మనకు ‘సబర్’ (ఓపిక) ఉంది. హిందువుల ఇండ్లల్లోనూ సబర్ చెయ్యి, సబర్ పట్టు అంటారు. ‘ఇరుపక్షాలు సబర్ పట్టాలి’ అని రాస్తే ఏం పోతుంది?

నర్సంపేట నుంచి

ఏమీ పోదు. కాకపోతే సబర్ పట్టమని మనం చెప్పేది దెబ్బ తిన్నవాడికి. కొట్టేవాడికి చెప్పేది ‘ఆగు’ అని. సంయమనం ఇద్దరికీ ఒకేసారి చెప్పొచ్చు, ఎవరికీ తగలదు. విదేశాంగ శాఖకు కావాల్సిందీ అదే కదా.

మండిబజార్ నుంచి

సలాం సార్. ఇది నేను ఆలోచించలేదు.

గ్రూప్-1 చెల్లె

థాంక్స్ అన్నా. ఇంకొక్కటి. ఉక్రెయిన్ మీద 2022లో కూడా లోక్‌సభలో చర్చ జరిగింది కదా. అప్పుడు సభ ఖండించిందా లేదా? బుచా అంటే ఉక్రెయిన్‌లో సామాన్యుల శవాలు బయటపడ్డ ఊరు. మా నోట్సులో ‘భారత పార్లమెంటు బుచా హత్యలను ఖండించింది’ అని ఉంది.

హన్మకొండ నుంచి

ఆ నోట్సులో కర్త తప్పు చెల్లె. ఏప్రిల్ 5, 6 తేదీల్లో జరిగింది 193 నిబంధన కింద చర్చ. ఆ నిబంధన కింద సభ్యులు మాట్లాడతారు, మంత్రి జవాబిస్తారు, అంతటితో సరి. ఓటింగ్ ఉండదు, తీర్మానం ఉండదు. ఓటు కావాలంటే 184 కింద రావాలి. ఏ నిబంధన కింద చర్చ పెట్టాలన్న దగ్గరే సగం రోజు గొడవ జరిగేది ఇందుకే. టీవీలో చూసేవాళ్లకు అది ఉత్త లొల్లిలా కనిపిస్తుంది గానీ అసలు తగువు అదే. కాబట్టి 2003లో ఖండించింది సభ. 2022లో ఖండించింది విదేశాంగ మంత్రి జైశంకర్, ప్రభుత్వం తరఫున. 

ఆయన వాక్యం కూడా గమనించు. బుచా హత్యలను గట్టిగా ఖండిస్తున్నాం, స్వతంత్ర దర్యాప్తు జరగాలి అన్నారు. చంపిందెవరో అందులో లేదు. ‘చంపారు’ అంటే ఎవరు అని అడుగుతారు. ‘హత్యలు’ అంటే అడగరు. ఖండించు అనే క్రియకు ఆ పేరుతో పనే లేదు. నేను పైన చెప్పిన పట్టింపు ఇక్కడ ప్రభుత్వానికి కలిసొచ్చింది. భారత్ ఒక పక్షం ఎంచుకుందంటే అది శాంతి పక్షం అని కూడా అన్నారు, ఆ మాటే మర్నాడు పేపర్లకెక్కింది.

2014 జూలైలో గాజా మీద రాజ్యసభ చర్చ కూడా చూసుకో. ప్రభుత్వం మొదట చర్చే వద్దంది, తర్వాత 21న చర్చ జరిగింది. ప్రతిపక్షం తీర్మానం అడిగింది, ఒప్పుకోలేదు. రెండు రోజులకు జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో ఇజ్రాయెల్ చర్యలకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటేసింది. ఇంట్లో అననిది బయట అంది. పరీక్షలో ఈ తేడా రాస్తే మార్కులు పడతాయి.

జగిత్యాల నుంచి

అందరూ ‘తప్పుపట్టు’ను మరిచిపోయారు. మనిషిని తప్పుపట్టొచ్చు, పనిని తప్పుపట్టొచ్చు. మెత్తగా, గట్టిగా ఎట్లయినా అనొచ్చు. హిందీ నిందాకు తెలుగులో సాటి లేదన్నారు, ఇది సాటి కాదా? ‘ఇరాక్‌పై యుద్ధాన్ని తప్పుపట్టిన లోక్‌సభ’. ఆరో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది.

హన్మకొండ నుంచి

మంచి మాట పట్టారన్నా. కర్మ విషయంలో సరిగ్గా సరిపోతుంది. బరువు దగ్గరే నాకు సందేహం. పెండ్లిలో మర్యాద జరగలేదని వియ్యపురాలు తప్పుపడుతుంది. వేలమంది చచ్చే చోట ఆ మాట ఆనుతుందా? నన్నడిగితే డిప్లోర్‌కు ఇదే సరైన తెలుగు, నిందాకు ఖండన. రెండు ప్రతులూ పక్కపక్కన తెలుగులో పెడితే ‘సభ తప్పుపడుతోంది’ అని ఒకటి, ‘సభ ఖండిస్తోంది’ అని ఇంకొకటి ఉండాలి. అప్పుడు గానీ అది రాజీ అని తెలియదు.

జగిత్యాల నుంచి

కావచ్చు. కానీ మా దిక్కు ఈ మాటలెవరూ తూచరు తమ్మీ. మా ఊళ్లల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. 1990లో సద్దాం కువైట్‌లో దిగినప్పుడు మా చిన్నబాపు అక్కడే ఉన్నడు. 1,70,000 మందికి పైగా మనోళ్లను అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో తెచ్చిండ్రు, అందులో ఒకడై ఇల్లు చేరిండు. అప్పుడు మా నాయనమ్మ ఎవరిని ఖండించిండ్రని అడగలేదు. ‘మనోళ్లను తోల్కొస్తుండ్రా లేదా’ అని రోజూ పోస్టాఫీసు కాడికి పోయి అడిగేదట. ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగలో 22,500 మంది దాకా వచ్చినప్పుడు కూడా, మెడిసిన్ చదివే పిల్లల తల్లిదండ్రులు అడిగింది అదే.

దానికి పేపర్లో రాసే మాటేందో చూడండి, ‘తరలింపు’. దొంగల్ని జైలుకు తరలిస్తరు, ధాన్యాన్ని గోదాముకు తరలిస్తరు, మా చిన్నబాపును స్వదేశానికి తరలించిండ్రు. తోల్కొచ్చుడులో వెంట ఒక మనిషి ఉంటడు. దీనికి పేపరు తెలుగులో మాట ఉంటే పండిట్ సారు చెప్పాలి.

నర్సంపేట నుంచి

‘వెంటబెట్టుకొని రావడం’ ఉంది గానీ హెడ్డింగులో పట్టదు. తోల్కొచ్చుడే రాయమను, చదివేవాళ్లకు తెలుస్తుంది.