పులికాట్ జెల్లలకి బోరునీళ్లు పడతాయా?

మాది తిరుపతి. మొన్న సూళ్లూరుపేట నుంచి మా మామ కూరకని తెచ్చిన జెల్ల చేపల్లో రెండు ఇంకా బతికే ఉంటే, మా పాప ఏడుపు చూడలేక రెండడుగుల ట్యాంకులో వేశాను. జానెడు కూడా లేవు, ఒక్కోదానికి ఎనిమిది మీసాలు, పట్టుకోబోతే పక్కముల్లు బొటనవేలికి దిగి సాయంత్రం దాకా ఒకటే సలుపు. ఇవి ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే చోటా, ఒట్టి మంచినీళ్లలోనూ బతుకుతాయంటారు, కానీ పులికాట్ నీళ్లకి అలవాటుపడ్డవాటిని ఒక్కసారిగా బోరునీళ్లలో వేసి తప్పు చేశానా? పగలంతా పైపు ముక్కలో దూరి కదలవు. రాత్రికి మాత్రం నా చిన్న గప్పీ చేపలు రెండు మాయం (వీటి పనే, అనుమానం లేదు). ఈరోజు ఒకదాని మీసాల చివర్లు తెల్లబడ్డాయి, అదే టెన్షన్. కల్లుప్పు వెయ్యాలా, వేస్తే ఎంత? పెంచినవాళ్లుంటే చెప్పండి.