హైదరాబాద్ పడమటి శివార్లలో కాపురం: మంచిచెడ్డలు చెప్పండి

ఖమ్మం గృహస్థు
మా అబ్బాయికి గచ్చిబౌలిలో ఉద్యోగం స్థిరపడింది కనుక మేమూ అక్కడికే రావాలనుకుంటున్నాం. నిజాంపేట, తెల్లాపూర్, నార్సింగి చూశాం. అద్దె, మనవరాలి బడి, ప్రయాణం, నీళ్ళు, మావంటి పెద్దవాళ్ళకు కాలక్షేపం: వీటిపై మీ అనుభవాలు తెలుపగలరు.

బాచుపల్లి గృహిణి
నీళ్ళ సంగతి తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఎండలు ముదిరితే మా అపార్ట్‌మెంట్ బోర్లు ఎండిపోతాయి. వానలు పడేదాకా తెల్లవారుజామున సంపులోకి ట్యాంకరు నీళ్ళు పడే చప్పుడుతోనే మాకు మెలకువ వస్తుంది. ఆ ఖర్చంతా మెయింటెనెన్సులో కలుస్తుంది కాబట్టి, అద్దె తక్కువని వచ్చినవారికి వేసవిలో ఆ లాభం మిగలదు.

నార్సింగి యజమాని
అసోసియేషన్ చేతగానితనాన్ని ఊరి మీదకు నెట్టడం న్యాయం కాదు. మేము పన్నెండు వందల అడుగుల బోరు వేయించుకున్నాం, నీళ్ళకు లోటు లేదు. మీరూ వేయించుకోండి.

బోరు పాయింట్
నా ఉద్యోగ జీవితమంతా భూగర్భ జలాల పనిలోనే గడిచింది కనుక చెబుతున్నాను: ఇది ప్రమాదకరమైన సలహా. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. నీరు పైనున్న శిథిల శిల పొరలోనూ, దాని కింది పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళు తగ్గిపోతాయి. పైనంతా కాంక్రీటు పరిచి వాననీటిని ఇంకనివ్వకుండా, కింద ఎంత తవ్వినా ప్రయోజనమేమిటి? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

నార్సింగి యజమాని
మా బోరులో నీళ్ళు పడ్డాయి, రోజూ వాడుకుంటున్నాం. కళ్ళెదుట ఉన్నదాన్ని కాదనడం ఏం నైపుణ్యమండీ?

బోరు పాయింట్
మీకు పడిన పగులే పక్క కాలనీ బోరుకూ ఆధారమై ఉండవచ్చు. మీరు మోటారు వేస్తే వారికి నీరు అందకపోవడాన్ని నేను ఎన్నోసార్లు కొలిచి చూశాను. ముందు ఇంకుడు గుంతలు తవ్వించండి, తర్వాత వాదించండి.

మూసీ ఒడ్డు
అసలు నేరం బోరుది కాదు, చెరువులను మింగిన ఆశది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచాక, విశ్వేశ్వరయ్య గారి సూచనలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. వాటికి పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలనే ఎత్తివేస్తూ మరో జీవో ఇచ్చారు. 2020 అక్టోబరు వానల్లో చెరువుల దిగువ కాలనీల్లో నడుముల్లోతు నీళ్ళు నిలిచినా మనకు బుద్ధి రాలేదని బాధగా ఉంది.

పాలమూరు బిడ్డ
మీ ఆవేదన నాకు అర్థమవుతోంది, కానీ ఈ నగరం పెరగకపోతే నా కుటుంబం లేదు. మా నాన్న మట్టిపనికి వలసపోయి, కాన్పులకూ చావులకూ మాత్రమే ఊరు చూసినవాడు. నేను ఇక్కడే చదువుకుని, ఇక్కడే జీతం తెచ్చుకుని, ప్రతి రాత్రి నా పిల్లలతో కలిసి అన్నం తింటున్నాను. నగరం పెరగకూడదనేవారు మా తాలూకాలో ఉద్యోగాలు ఎక్కడున్నాయో కూడా చెప్పాలి.

మూసీ ఒడ్డు
పెరగవద్దని నేను అనలేదు. చెరువు శిఖంలో, అంటే నీళ్ళు నిలిచే చెరువు భూమిలో, పెరగవద్దన్నాను.

మియాపూర్ ఉద్యోగి
ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు. 2017 నవంబరులో మెట్రో మొదలై, 2018లో ఎల్బీనగర్‌కు చేరాక, మియాపూర్ నుంచి అక్కడిదాకా ఎండావానా తెలియకుండా వెళ్ళగలుగుతున్నాం. ఆఫీసులకైతే అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకానే రైలు. అక్కడినుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు ఆటో కోసం నిలబడే సమయమే ఎక్కువ.

ఖమ్మం గృహస్థు
అందరికీ ధన్యవాదాలు. బడి గురించీ, పెద్దవాళ్ళ కాలక్షేపం గురించీ ఎవరైనా చెప్పగలరా?

బాచుపల్లి గృహిణి
బడులకు కొదవ లేదండీ, బస్సు మీ సందులోకి వస్తుందో లేదో మాత్రం అడగండి. ఇల్లు చూడడానికి మే నెలలో రండి. యజమానిని కాకుండా వాచ్‌మన్‌ను పలకరించి, రోజుకు ఎన్ని ట్యాంకర్లు దించుతున్నారో గేటు దగ్గరి పుస్తకంలో చూసి, ఆ తర్వాతే అద్దె మాట్లాడుకోండి.