పొట్టంగి ఘాట్‌లో ఆగిపోయిన కారు: మన బ్యాటరీతో స్టార్ట్ ఇవ్వాలా, వద్దా?

సునాబెడ నివాసి
మొన్న జనవరిలో జరిగినది చెప్పి మీ అందరి మాట వినాలని రాస్తున్నాను. తెల్లవారుజామున ఐదు గంటలకు 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు వైపు దిగుతున్నాను. పొట్టంగి దాటాక మంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందు పది గజాలు కూడా కనబడలేదు. ఒక మలుపు దగ్గర ఆంధ్ర నంబరు కారు పక్కకు ఆగి ఉంది. లోపల ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్లో చిన్న పాప. పాప పాదాలకు వాళ్ల నాన్న తన మఫ్లరు చుట్టాడు. మంచు తగ్గేదాకా ఆగుదామని ఇంజన్ ఆపేసి, నాలుగు ఇండికేటర్లూ హెడ్‌లైట్లూ వెలిగించుకుని రెండున్నర గంటలు కూర్చున్నారట. తీరా బయల్దేరదామంటే సెల్ఫ్ టిక్కు టిక్కుమంటోంది తప్ప ఇంజన్ తిరగడం లేదు.

నా డిక్కీలో జంపర్ కేబుళ్లు, అంటే ఒక కారు బ్యాటరీ నుంచి ఇంకో కారుకు కరెంటు ఇచ్చే తీగలు ఉన్నాయి. పక్కనున్న మా బావమరిది "వద్దు బావా, ఎవరో ఏమిటో తెలియదు, మన బండి కూడా ఆగిపోతే ఇక్కడ ఫోను కూడా అందదు" అన్నాడు. నేను వినలేదు. రెండోసారికి వాళ్ల కారు స్టార్ట్ అయింది. అయితే చివరి నల్ల క్లిప్పును వాళ్ల బ్యాటరీ నెగటివ్ మీదే పెట్టాను. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. అప్పటి నుంచి ఇంట్లో ఇదే వాదన. ఇవ్వడం తప్పని వాడు, ఇవ్వకపోవడం తప్పని నేను. మీరేమంటారు?

జయపురం బ్యాటరీ పని
మీ బావమరిది మాటే నా మాట. బ్యాటరీల పనిలో నాకు ఇరవై రెండేళ్లు. ఇవ్వకండి.

ఆ నిప్పురవ్వను మీరు తేలిగ్గా తీసుకోవద్దు. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు వంతులు కలిస్తే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. పేలితే ఎగిరేది ప్లాస్టిక్ ముక్క ఒక్కటే కాదు, లోపలి సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా. ఒక కుర్రవాడు కళ్లు రుద్దుకుంటూ మా షాపుకు పరుగెత్తుకు రావడం నేను చూశాను. అరగంట సేపు కుళాయి కింద తల పెట్టించి కడిగి ఆసుపత్రికి పంపాం. చూపు దక్కింది. అందరికీ దక్కుతుందని నమ్మకం లేదు.

రెండో సంగతి. చీకట్లో ఎర్ర తీగ ఏది, నల్ల తీగ ఏది? ఎవరో పాత తీగ తీసేసి చేతికి దొరికిన తీగ వేసి ఉంటారు. రెండూ నల్లవే ఉన్న కార్లు వారానికి ఒకటైనా నా దగ్గరకు వస్తాయి. తిరగేసి పెడితే ఆల్టర్నేటర్‌లోని (ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) డయోడ్లు పోతాయి, మెయిన్ ఫ్యూజు పోతుంది, ఇప్పటి కార్లలో కంప్యూటర్ కూడా పోవచ్చు. సాయం చేసిన పాపానికి ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

రాయగడ ఉపాధ్యాయిని
అన్నగారూ, మీ అనుభవం ముందు నేను చిన్నదాన్ని. కానీ "ఇవ్వకండి" అనే మాట ఒప్పుకోలేను. నాలుగేళ్ల కిందట నాన్నగారిని గుణుపురం నుంచి రాయగడ ఆసుపత్రికి తీసుకొస్తుండగా టీ కోసం ఆగి, మళ్లీ స్టార్ట్ చేస్తే కారు కదల్లేదు. చెయ్యి అడ్డుపెడితే నాలుగు కార్లు చూసి కూడా వెళ్లిపోయాయి. ఐదోది ఒక పాత జీపు. ఆ నడిపే ఆయనకు తెలుగు రాదు, నాకు అప్పట్లో ఒడియా అంతంతమాత్రం. తీగలు చూపించి తల ఊపారు, పని అయిపోయింది. ఆ నలుగురూ మీలాగే ఆలోచించి ఉంటారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ ఇరవై నిమిషాలు నాన్న ముఖం ఎలా ఉందో నేను మరిచిపోలేదు.

ప్రమాదం ఉందంటే జాగ్రత్త నేర్పండి. తలుపు వేసుకుని వెళ్లిపొమ్మనకండి.

జయపురం బ్యాటరీ పని
అమ్మా, మీరు అడిగారు కాబట్టి చెబుతాను. ఇవ్వక తప్పదనుకుంటే ఇలా ఇవ్వండి.

ముందు టార్చి వేసి బ్యాటరీని చూడండి. ఒళ్లు ఉబ్బి ఉన్నా, పగులు ఉన్నా, ఆమ్లం కారుతున్నా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా అక్కడితో ఆపేయండి. ఆ బ్యాటరీకి ఎవరూ కరెంటు ఇవ్వకూడదు. అవేమీ లేకపోతే టెర్మినళ్లు, అంటే బ్యాటరీ మీద తీగలు బిగించే రెండు పోస్టులు, కదిపి చూడండి. చాలాసార్లు దిగిపోయేది బ్యాటరీ కాదు, క్లాంపు వదులై ఉంటుంది, లేదా తెల్లగా పచ్చగా బూజులాంటిది పట్టి ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి బిగిస్తేనే సగం కార్లు స్టార్ట్ అవుతాయి.

పాజిటివ్ ఏదో తీగ రంగును బట్టి నిర్ణయించకండి. బ్యాటరీ మీద కూడిక గుర్తు వెతకండి. దుమ్ము కింద గుర్తు కనబడకపోతే రెండు పోస్టులనూ వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, ఒక్కొక్కటిగా మాత్రమే. లావుగా ఉన్నది పాజిటివ్. తయారీలోనే అలా చేస్తారు.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, లైట్లూ ఫ్యానూ ఆపేయండి. ఎర్ర క్లిప్పు మొదట దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస మీ పాజిటివ్‌కు. తర్వాత నల్లది మీ నెగటివ్‌కు. దాని రెండో కొస మాత్రం ఆ దిగిపోయిన బ్యాటరీ మీద పెట్టకండి. ఇంజన్ మీద రంగు వేయని ఇనుము, బోల్టు లాంటిది, బ్యాటరీకి దూరంగా చూసి అక్కడ పట్టించండి. చివర కలిపే చోటే నిప్పురవ్వ లేస్తుంది, గ్యాసు ఉండేది బ్యాటరీ దగ్గర. మొన్న సునాబెడ ఆయన చేసిన తప్పు ఇదే. ఇప్పటి కొన్ని కార్లలో నెగటివ్ క్లాంపు మీద చిన్న సెన్సరు ఉంటుంది, అందుకోసం కూడా ఇంజన్ ఇనుము మీద పెట్టడమే మంచిది.

మీ ఇంజన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడవనివ్వండి. తర్వాత మీ ఇంజన్ ఆపి వాళ్లను సెల్ఫ్ కొట్టమనండి, ఒక్కసారి పది సెకన్లకు మించకుండా. తీసేటప్పుడు పెట్టిన వరుసకు తలకిందులుగా: ఇంజన్ మీది నల్లది, మీ నల్లది, మీ ఎర్రది, వాళ్ల ఎర్రది. తీసిన క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వకండి.

దామన్‌జోడి ఇంజనీరు
వరుస గురించి మారుమాట లేదు. కానీ సెల్ఫ్ కొట్టేటప్పుడు సాయం చేసే కారు ఇంజన్ ఆపేయాలనడం అన్ని కార్లకూ వర్తించదు. కొన్ని కార్లతో వచ్చే పుస్తకాల్లో నడుస్తూ ఉంచమనే రాస్తారు. నడుస్తుంటే వోల్టేజి 14 దగ్గర నిలుస్తుంది, ఆపితే 12.6 నుంచి ఇంకా దిగుతుంది. మీ కారు పుస్తకం ఎలా చెబితే అలా చేయండి.

కేబుళ్ల గురించి కూడా ఒక మాట. సంతలో చవకగా దొరికే కేబుల్ మీద ప్లాస్టిక్ తొడుగు లావుగా ఉంటుంది, లోపల రాగి సన్నం. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి, రెండు తీగలూ కలిపి 5 మీటర్లు అనుకోండి. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగితే దారిలోనే సుమారు 2 వోల్టులు పోతాయి. ఇటు తీగ కాలుతుంది, అటు ఇంజన్ తిరగదు. 25 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది అర వోల్టు. డీజిల్ కారుకైతే ఇదే కొనండి.

సాలూరు లారీ
నమస్కారం. నేను రాయపూర్ దాకా సరుకు తోలుతాను. ఘాట్‌లో కారు ఆగితే ముందు చెయ్యెత్తేది మా బండికే, పెద్ద బ్యాటరీ ఉంటుంది కదా అని. అయ్యా, మా లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి, మొత్తం 24. ఇంజన్ నడుస్తుంటే 28 దాకా వెళ్తుంది. అది మీ కారుకు తగిలిస్తే లోపలి సామానంతా మాడిపోతుంది. రెండింటిలో ఒక దాని నుంచే ఇస్తే సరిపోతుందని కొందరు డ్రైవర్లు ఇస్తారు. రాత్రిపూట ఏ పోస్టు ఎక్కడిదో పొరపడితే అంతే. నేను ఇవ్వను. అలా అని వదిలేసి కూడా వెళ్లను. వెనక బండి ఆపి లైట్లు వేసి, కారు వెనక రాళ్లు పెట్టి, మరో కారు వచ్చేదాకా నిలబడతాను. ట్రాక్టరు వస్తే నయం, అది సాధారణంగా 12 వోల్టులే.

బరంపురం కుర్రవాడు
ఇంత శ్రమ ఎందుకు? ఘాట్‌లో దిగుడే కదా. రెండో గేరులో వదిలితే అదే స్టార్ట్ అవుతుంది.

సాలూరు లారీ
తమ్ముడూ, దయచేసి ఈ మాట ఇంకెక్కడా చెప్పకు. ఇంజన్ నడవకపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడు సార్లు నొక్కాక బ్రేకు రాయిలా అవుతుంది. తాళం పూర్తిగా వెనక్కు తిప్పితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. మైదానంలో నలుగురు తోస్తే సరే. మంచులో, లోయ పక్కన, పిల్లల్ని కూర్చోబెట్టుకుని అలా వదలకూడదు. ఆటోమేటిక్ కారైతే తోసినా స్టార్ట్ కాదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే గేరు కారు కూడా అంతే, పెట్రోలు పంపుకు కూడా కరెంటు కావాలి.

పర్లాకిమిడి వకీలు
ఖర్చు ఎవరిదని అడిగారు. సాయం చేసేవారికి చట్టం రక్షణ ఇస్తుందని చాలామంది అనుకుంటున్నారు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో చేరిన 134ఎ సెక్షను ప్రమాద బాధితులకు అత్యవసర సాయం చేసేవారి కోసం. బ్యాటరీ దిగిపోయిన కారుకు అది వర్తించదు. అందుకని ముందే నోటితో చెప్పండి: "మీ కారు పుస్తకంలో ఒప్పుకుంటేనే ఇస్తాను, ఏమైనా అయితే మీదే బాధ్యత." వాళ్లు సరే అన్నాకే బోనెట్ ఎత్తండి. జాతీయ రహదారి మీద 1033కు ఫోను చేయవచ్చు, సిగ్నల్ ఉంటే.

రాయగడ ఉపాధ్యాయిని
ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. నేను రాత్రి ఒక్కదాన్నే ఉంటే దిగను. అద్దం రెండు వేళ్లంత దించి, ఊరూ మైలురాయి నంబరూ అడిగి తెలుసుకుని, ముందు వచ్చే దాబా దగ్గర ఆగి అక్కడివాళ్లకు చెబుతాను. అది కూడా సాయమే అని నా నమ్మకం.

దామన్‌జోడి ఇంజనీరు
ఇంకొకటి మిగిలింది. కారు స్టార్ట్ అయ్యాక వోల్టు మీటరు ఉంటే బ్యాటరీ మీద పెట్టండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగుంది. 12 దగ్గరే ఉండి తగ్గుతుంటే ఆల్టర్నేటర్ పోయినట్టు. అలాంటి కారును స్టార్ట్ చేసి ఘాట్ దింపించడం సాయం కాదు. సగం దారిలో హెడ్‌లైట్లు మసకబారి, ఇంజన్ ఆగిపోతుంది. ఇక హైబ్రిడ్, కరెంటు కార్లు ఉన్నవాళ్లు వేరే కారుకు ఇచ్చే ముందు తప్పకుండా పుస్తకం చూడండి. చాలావాటిలో ఇవ్వవద్దనే ఉంటుంది.

జయపురం బ్యాటరీ పని
ఇంజన్ ఆపే విషయం పుస్తకం ప్రకారమే అనడం ఒప్పుకుంటున్నాను. రాత్రి, ఘాట్‌లో, ఒక్కరే ఉంటే ఇవ్వవద్దన్నది మాత్రం వెనక్కు తీసుకోను.

సునాబెడ నివాసి
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మా బావమరిదీ నేనూ బోనెట్ ఎత్తి, వేడినీళ్లలో తినేసోడా కలిపి టెర్మినళ్లు కడిగాం. కూడిక గుర్తు పక్కన వాడే తెల్లరంగుతో పెద్దగా మరో గుర్తు వేశాడు. ఇంజన్ మీద క్లిప్పు పట్టే బోల్టు ఏదో వెతికి దానికీ ఒక చుక్క పెట్టాడు. పాత కేబుల్ కోసి చూస్తే లోపల రాగి అగరబత్తి పుల్లంత ఉంది. దాన్ని పారేశాం. 25 చదరపు మిల్లీమీటర్లది తెచ్చే పని వాడే తీసుకున్నాడు. ఇవ్వాలని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.